గోస్తని గొంతు

రోజు 1

పొద్దున్న ఆరున్నరకి నన్ను చిన్న పడవలో కూర్చోబెట్టి, ఓడకి కిలోమీటరు దూరంలో వదిలేసి వెళ్ళిపోయారు. ఒక గొడుగు, సీసాడు నీళ్ళు, సముద్రంలోకి దించిన మైకు, చెవులకి హెడ్‌ఫోన్లు. ప్రతి ప్రయాణానికీ ముందు ఇదే తంతు. దీన్ని మావాళ్ళు గొంతు కట్టడం అంటారు.

ఓడని గొలుసులతో కట్టేసి ఇంజన్లు నడుపుతారు. లోపల తొంభై అయిదు మందీ తలో పనిమీద ఉంటారు. పంపుల కింద కొబ్బరిపీచు దిండ్లు మారుస్తారు. ఇసుక బస్తాలు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోస్తారు. నేను వింటూ ఉంటాను. మా ఓడేనని గుర్తుపడితే వైర్‌లెస్‌లో "మనమే" అంటాను. వాళ్ళు నన్ను తిట్టుకుంటూ మళ్ళీ బస్తాలెత్తుతారు. నాలుగేళ్ళుగా వింటున్న నా చెవికి కూడా అది పరాయి ఓడలా వినిపించినప్పుడు "ఎవరో" అంటాను. అప్పుడే లంగరు తీస్తారు.

సముద్రం అడుగున పడుకున్న వేటచేపలకి జ్ఞాపకం ఎక్కువ. యుద్ధం మొదలైన ఏడాది అవతలివాళ్ళు వాటిని విత్తనాలు చల్లినట్టు చల్లి పోయారు. ఒంటినిండా ఇనుము, పొట్టనిండా మందుగుండు. ఒకసారి విన్న ఓడని మర్చిపోవు. ఒకటి విన్నది మిగతావాటికి చెబుతుంది. కాబట్టి పాత గొంతుతో రెండోసారి బయల్దేరిన ఓడ తిరిగి రాదు.

ఇవాళ పదిసార్లు "మనమే" అన్నాను. పదకొండోసారి అనేసరికి చీఫ్ ఇంజనీరు మైలపల్లి ఎర్రయ్య గారు వైర్‌లెస్ లాక్కున్నారు.

"ఒలే సెవమ్మా! ఆ ఎడమ పంపు దిండు ఇప్పటికి మూడుమాట్లు మార్సినాం. కుర్రోళ్ళకి నడుములు పడిపోతన్నాయి."

"నాలుగోసారి మార్చండి చీఫ్."

"నీ సెవిలో సీసం పొయ్యా!"

"పోస్తే మీకోసం ఎవరు వింటారు?"

కాసేపు గరగర. "అదీ నిజిమేలే. ఒరే, మార్సండ్రా."

సెవమ్మ అంటే చెవమ్మ. నా అసలు పేరు బొడ్డేపల్లి మృణాళిని. ఆ పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఈ ఓడలో ఎవరి నోటా రాదు.

పదకొండున్నరకి నా చెవిలో ఏదో పాత సరుకుల ఓడ వినబడింది. "ఎవరో" అన్నాను. సైరన్ మోగించకూడదు కాబట్టి అందరూ డెక్ మీదకొచ్చి తువ్వాళ్ళు ఊపారు. వంటాయన సలీమ్ భాయ్ బెల్లం పంచాడట. నా పడవ తిరిగొచ్చేసరికి రెండు ముక్కలే మిగిలాయి. ఒకదానికి చీమలు.

రోజు 2

"ఈ పుస్తకంలో శబ్దాలు రాయాలి, అభిప్రాయాలు కాదు" అని మా కెప్టెన్, కమాండర్ ఇజ్జాడ వరహాలరాజు గారు, నేను చేరిన వారంలోనే చెప్పారు. అప్పట్నుంచీ ఎడమ పేజీల్లో శబ్దాలు, కుడి పేజీల్లో మిగతాది రాస్తున్నాను. ఆయన కుడి పేజీలు కూడా చదువుతారని సలీమ్ భాయ్ చెప్పాడు. చదివితే చదవనీ.

ఇది కుడి పేజీ. కాబట్టి మా ఓడ గోస్తని గురించి రాస్తాను.

ఇది మాకు ముప్ఫై రెండో ప్రయాణం. ఈ యుద్ధంలో డిస్ట్రాయర్ ఆయుష్షు ఎనిమిది, మహా అయితే తొమ్మిది ప్రయాణాలు. గోస్తని నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. మూడు చోట్ల మరమ్మతు చేస్తే మూడు చోట్లా దొరికిన రంగు వేశారు, అందుకని మూడు రకాల బూడిదరంగు. రెండు ఫిరంగుల్లో ఒకటే పేలుతుంది. రెండోదాని మీద సలీమ్ భాయ్ గుడ్డలారేస్తాడు. అయినా దీని కాపలాలో బయల్దేరిన ఓడ ఒక్కటీ ఇంతవరకూ మునగలేదు. ఒక్కటీ.

పంతొమ్మిదో ప్రయాణంలో వేటచేపకీ, గింజల ఓడకీ మధ్య అడ్డం వెళ్ళి దెబ్బ తన ముక్కు మీద తీసుకుంది. గది పట్టేంత చిల్లు. ముందుకి నడిస్తే నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి. కెప్టెన్ ఓడని వెనక్కి తిప్పించి, పదకొండు గంటలు వెనక్కి వెనక్కే నడిపించి రేవు చేర్చారు. రేవులో మనుషులు నవ్వారు, ఆ తర్వాత చిల్లు చూసి నోళ్ళు మూసుకున్నారు.

"దీన్ని డిస్ట్రాయరంటారు. ఇదేటి డిస్ట్రాయ్ సేసిందమ్మా?" అంటారు ఎర్రయ్య గారు. "మంద సుట్టూ కుక్క తిరిగినట్టు తిరగడమే గదా దీని పని."

నేను ఫిజిక్సు ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతుండగా కాలేజీలో లాబ్ మూసేశారు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేవని మా లెక్చరరు ఎప్పుడూ తిట్టేవారు. ఇప్పుడు రోజుకి పద్నాలుగు గంటలు ఒకే కుర్చీలో కూర్చుంటున్నాను. కాకపోతే ఆ కుర్చీ గంటకి ముప్ఫై కిలోమీటర్లు వెళుతుంది.

ఈసారి పని: దూరపు దీవుల్లో మిగిలిన ఆఖరి ఊరు. వచ్చే పున్నమి పోటుకి ఆ ఊరు నీళ్ళలో ఉంటుంది. రెండు వేల నూట నలభై మంది. వాళ్ళని ఎక్కించుకోవడానికి చంపావతి అనే పెద్ద ఓడ అక్కడే ఉంది. దానికి తుపాకీ లేదు, చెవీ లేదు. దాన్ని తీరానికి తేవాలి.

రోజు 3

మేం చేరేసరికి దీవిలో జనం మూటలు కట్టుకుని, కోళ్ళని గంపల్లో పెట్టుకుని, రాళ్ళ కట్ట మీద వరసగా కూర్చుని ఉన్నారు. మేం వస్తున్నామని వైర్‌లెస్ పెట్టలేదు. పెట్టకూడదు. మరి ఎలా తెలిసింది?

ఆ ఊరి పెద్ద సూరాడ తౌడమ్మ. అరవై దాటిన మనిషి, చుట్ట కాలుస్తుంది. నేను అడిగితే వింతగా చూసింది.

"ఇనబడ్డాది గదమ్మా. తెల్లారగట్ల పడవేసుకెళ్ళి, తెడ్డు నీళ్ళల్లో దించి, పిడి సెవికి ఆనించి ఇన్నాను. గోస్తనొచ్చేస్తాంది, మూటలు కట్టండర్రా అని అందరికీ సెప్పేసాను."

"గోస్తని అని ఎలా తెలిసింది? ఈసారి గొంతు మార్చేశాం."

"ఏటి మార్సినారు? అదే గొంతు." కళ్ళు మూసుకుని, ఉయ్యాల ఊపినట్టు తల ఊపుతూ చూపించింది. "ఊఁ... ఊఁ... ఊఁ. పోయిన రెండు మాట్లూ మావోళ్ళని తీసికెళ్ళినప్పుడు కూడా ఇదే. మా పిల్లలు సెవి ఇసుకలో ఆనించి దీనికోసమే ఇంటా పడుకుంటారు. ఇది ఇనబడితే ఇంక మాకు బయం లేదు."

పక్కనున్న మావాళ్ళు నవ్వారు. అలాంటి శబ్దం మా ఓడకి లేదని వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు.

అయినా ఓడకి పరిగెత్తి పాత టేపులు తీశాను. నా చెవిని నమ్మకుండా, యంత్రం గీసే గీతలు చూశాను. ముప్ఫై ఒకటో ప్రయాణంలో ఉంది. ముప్ఫైలో ఉంది. పదిలో సన్నగా. మూడులో ఇంకా సన్నగా, కానీ ఉంది. పదకొండు సెకన్లకోసారి చిన్న గుట్టలా లేచే గీత. నేను ఈ ఓడ ఎక్కింది మూడో ప్రయాణానికి. అంటే ఆ మూలుగు లేకుండా గోస్తనిని నేను ఏనాడూ వినలేదు. అందుకే నాకు అది శబ్దం కాదు. నిశ్శబ్దమే అలా ఉంటుందనుకున్నాను.

మొన్న పదకొండున్నరకి నేను "ఎవరో" అన్నది అందరికంటే బాగా తెలిసిన గొంతుని.

ఇంజను గదిలోకి వెళ్ళి ఎర్రయ్య గారికి గీతలు చూపించాను. ఆయన కుడి ఇరుసు బేరింగు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు.

"ముప్పయ్యో ట్రిప్పులో రాయి తగిలినాది గదా, అప్పట్నించి లావయినట్టుంది."

"నాకు వినబడలేదు చీఫ్."

"నాకు మాత్రం ఇనబడ్డాదేటి? ముప్పయ్యేళ్ళు కాపరం సేసినోడికి పెళ్ళాం గురక ఇనబడుద్దేటమ్మా?"

నవ్వించాలనే అన్నారు. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు.

కెప్టెన్‌కి చెప్పాను. కుడి ఇరుసు ఆపేస్తే మూలుగు పోతుంది, ఒక ప్రొపెల్లరుతో మెల్లగా వెళ్ళొచ్చు అని కూడా చెప్పాను. ఆయన అడ్డు చెప్పకుండా విని, ఒకే మాట అడిగారు.

"ముందు బయట ఏమున్నాయో విన్నారా?"

వినలేదు. వెళ్ళి విన్నాను. దీవి బయట లోతునీళ్ళలో అయిదు వేటచేపలు కదలకుండా ఉన్నాయి. రేవు నుంచీ మా వెనకే వచ్చి ఉంటాయి.

"ఇప్పుడు మనం గొంతు మూసుకుంటే అవి ఎవరి గొంతు వింటాయి?" అన్నారు కెప్టెన్.

చంపావతిది. పాత ఇంజను, రోట్లో పచ్చడి నూరినట్టు చప్పుడు.

రోజు 4

పొద్దున్నే బయల్దేరాం. చంపావతి ముందు, మేం వెనక అటూ ఇటూ నీళ్ళు కోసుకుంటూ. చేపలు మధ్యాహ్నానికి ఏడు, సాయంత్రానికి తొమ్మిది.

అవి తొందరపడవు. కాపలా ఓడని ముందు చంపి, ఆ తర్వాత మంద మీద పడటం వాటికి నేర్పిన పద్ధతి. ఇప్పటిదాకా మునిగిన ఏ డిస్ట్రాయర్ మీదా పద్నాలుగుకి తక్కువ పడలేదు. సరిపడా పోగయ్యేదాకా రెండు కిలోమీటర్ల దూరంలో, మా బాంబులకి అందకుండా, వెనకే నడుస్తాయి. మా మూలుగు పట్టుకుని నడుస్తాయి.

నాకు ఇప్పుడు అది వినబడుతోంది. ఒకసారి తెలిశాక ఇక వినకుండా ఉండలేకపోతున్నాను. పదకొండు సెకన్లకోసారి. భోజనం దగ్గర కూడా చెంచా ఆపి లెక్కపెడుతున్నాను.

సలీమ్ భాయ్ పప్పు వడ్డిస్తూ, "చెవమ్మా, తౌడమ్మ గారి తెడ్డు మన ఓడకి కొనేద్దామా? నీ మిషను కంటే బాగా పనిచేస్తోంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కసిరారు. నేను మాత్రం నవ్వాను. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఈ ఓడలో నన్ను ఒక్కరూ నిందించలేదు. నిందిస్తే బాగుండేది.

రోజు 5

పద్నాలుగు.

కెప్టెన్ ఇక ఆగలేదు. పది గంటలకి గోస్తనిని వాటి మీదికి తిప్పారు.

నేను చాలా ఓడలు తిరగడం విన్నాను. నూట పద్ధెనిమిది మీటర్ల ఇనుము, ఒక ఇరుసు వంకర, ముక్కుకి అతుకు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని గొడవకి వెనక్కి తిరిగిన ఆడమనిషిలా తిరిగింది. డెక్ మీద కట్టనివన్నీ ఎడమవైపుకి జారిపోయాయి. సలీమ్ భాయ్ గుడ్డలు సముద్రంలో పడ్డాయి. కింద నా గదిలో చిలక్కొయ్యకి తగిలించిన నా సంచీ గోడకి అడ్డంగా నిలబడింది.

నేను దిక్కు చెబుతున్నాను, పైన బాంబులు వదులుతున్నారు. "కుడి, నలభై, దగ్గరికొస్తోంది, ఇంకా, ఇప్పుడు!" నీళ్ళు లేచి డెక్ మీద వానలా పడ్డాయి. ఒకటి పేలింది. అది పేలిన చోటే రెండోది. గంట తర్వాత మూడోది. చంపావతి డెక్ మీద జనం నిలబడి చూస్తున్నారట. ప్రతి పేలుడికీ కేకలు వేస్తున్నారట, తిరనాళ్ళలో బాణసంచా చూసినట్టు.

పదకొండుకి తగ్గించాం. ఇరవై నాలుగు బాంబుల్లో ఇరవై రెండు అయిపోయాయి.

సాయంత్రానికి అయిదు కొత్తవి వచ్చి చేరాయి. పదహారు. వాటికీ మాకూ మధ్య దూరం కిలోమీటరున్నరకి తగ్గింది.

కెప్టెన్ అందర్నీ డెక్ మీదకి పిలిచారు. ఉపన్యాసం లేదు. "రేపు పొద్దున్న మనం చంపావతిని వదిలి ఈశాన్యానికి వెళదాం. చేపలు మన వెనక వస్తాయి. చంపావతి పడమటికి, తీరానికి వెళుతుంది. ఓడ నడపడానికి పన్నెండు మంది చాలు. మిగతావాళ్ళు చంపావతికి మారండి. ఎవరెవరు ఉంటారు?"

తొంభై అయిదు చేతులు లేచాయి. ఆయనకి విసుగొచ్చింది. "పన్నెండు అన్నాను. లెక్కలు రావా మీకు?" అని తనే పేర్లు చదివారు. నా పేరు లేదు.

రోజు 6

పొద్దున్న ఆరుకి పడవలు దించడం మొదలైంది. నేను కెప్టెన్ నిలబడే బ్రిడ్జి మీదకి వెళ్ళాను.

"నేను ఇక్కడే ఉంటాను సార్. తప్పు నాది."

"అందుకని?"

"అందుకని ఉండాలి."

ఆయన దుర్భిణి దించి నా వైపు చూశారు. "మృణాళిని గారూ, చంపావతిలో రెండు వేల నూట నలభై మంది ఉన్నారు. ఒక్కరికీ చెవి లేదు. ఇక్కడ మాకు చెవితో పనేముంది? ఇవాళ వినడం కాదు, వినబడటం మా పని."

"సార్..."

"మీ చిన్న మైకు తీసుకెళ్ళండి. తీగె జాగ్రత్త. తేమ తగిలితే పాడవుతుంది."

కిందికి వెళ్ళాను. ఎర్రయ్య గారు కుడి ఇరుసు పక్కన పీట వేసుకుని కూర్చున్నారు, చేతిలో నూనె డబ్బా. ఆయనకి తోడుగా అసిరినాయుడు, నలభై ఏళ్ళ ఫిట్టరు. చుట్టూ ఉన్న కొబ్బరిపీచు దిండ్లన్నీ పీకి పారేశారు. మూలుగు గది నిండా ఉంది. పళ్ళలోకి ఎక్కుతోంది.

"సూసినావా, ఎలగ పాడతందో!" అన్నారు గట్టిగా. "నూనె ఎక్కువైతే మూగైపోద్ది. తక్కువైతే ఇరుసు పట్టేస్తాది. కూరలో ఉప్పులాగ సుక్కలెక్కన ఎయ్యాలి. మీ సలీముకి ఏనాడూ కుదర్లేదు గానీ నాకు కుదురుద్ది."

"ఆఖర్న మీ పన్నెండు మందికీ పడవ దించేటప్పుడు పైకి రండి చీఫ్."

"ఒస్తాన్లే."

"మీరు డబ్బా వదిలేస్తే ఎంతసేపు నడుస్తుంది?"

అసిరినాయుడు చెప్పాడు. "రెండు నిమిషాలు."

"నువ్వు నోరు ముయ్యిరా" అన్నారు ఎర్రయ్య గారు. తర్వాత నాతో, "ఎల్లమ్మా. బేగి ఎల్లు. అక్కడ ఆ పాత ఇంజన్ని సూసేవోడికి బుర్ర లేదు, నిన్న పొగ సూసినావు గదా. మెల్లగా తిప్పమని సెప్పు" అన్నారు.

కాళ్ళకి దణ్ణం పెడితే తిడతారని పెట్టలేదు. నిచ్చెనెక్కి వచ్చేశాను.

ఏడూ నలభైకి గోస్తని మమ్మల్ని వదిలి ఈశాన్యానికి తిరిగింది. చంపావతి అడుగుగదిలో, ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చుని మైకు దించాను. మొదట చేపలు కదల్లేదు. మూలుగుకీ మూలుగుకీ మధ్య ఎడం పదకొండు సెకన్ల నుంచి తొమ్మిదికి, ఆరుకి, నాలుగుకి తగ్గింది. అంత గట్టిగా గోస్తని ఏనాడూ మూలగలేదు. అప్పుడు పదహారు చేపలూ ఒక్కసారే దానివైపు తిరిగాయి.

మేం పడమటికి జరిగాం, ఇంజను మెల్లగా తిప్పుకుంటూ.

తౌడమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక హెడ్‌ఫోను ఆమె చెవికి పెట్టాను. "ఊఁ" అంది, దాంతోపాటు. కాసేపటికి, "ఇది మన కోసమే గదా ఎల్తాంది" అంది. అవునన్నాను.

పదకొండు గంటలకి కూడా వినబడుతూనే ఉంది. పన్నెండుకి కూడా. నాలుగేళ్ళుగా మూలుగుతున్న వంకర ఇరుసు నాలుగు గంటలు ఆ వేగంతో తిరగడం పుస్తకాల ప్రకారం అసాధ్యం. నేను ఆ పుస్తకాలు చదివాను.

ఒంటిగంటా ఇరవై రెండుకి మొదటి పేలుడు. తర్వాత రెండు, వెంటవెంటనే. మూలుగు ఆగలేదు. నాలుగు. అయిదు. ఆగలేదు. ఆరో దెబ్బకి ఎడమ ఇరుసు చచ్చిపోయింది. మూలుగు ఒక్కటే, అయిదు సెకన్లకోసారి. అక్కడే తిరుగుతోంది, వాటిని తన చుట్టూ తిప్పుకుంటోంది. ఆఖరి రెండు బాంబులు కూడా అప్పుడే వదిలారు. ఆ చప్పుడు నాకు తెలుసు. తొమ్మిది. పదకొండు. మూలుగు ఎనిమిది సెకన్లకోసారి. పదమూడో పేలుడు. మూలుగు పద్నాలుగు సెకన్లకి. తర్వాత ఇరవై.

తర్వాతది రాలేదు. ఒంటిగంటా యాభై ఒకటి.

నీళ్ళ కింద ఇనుము నలిగే చప్పుడు చాలాసేపు వచ్చింది. అది ఎడమ పేజీలో నిమిషాలతో సహా రాశాను. ఇక్కడ రాయను.

తౌడమ్మ హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఏడవలేదు, ఎందుకంటే పదహారులో పదమూడే పోయాయి. మిగిలిన మూడూ కాసేపు ఆగి, వెతికి, పడమటికి తిరిగాయి. వాటికి వినబడుతున్న ఓడ ఇక ఒక్కటే.

చంపావతి కెప్టెన్‌కి చెప్పాను: ఇంజను ఆపండి, పంపులు ఆపండి, పొయ్యిలు ఆపండి, అంతా ఆపండి. "ఓడ ఆపగలను, రెండు వేల మంది నోళ్ళు ఎలా ఆపను?" అన్నాడాయన. తౌడమ్మ లేచింది. "అది నాను సూస్తాను."

ఆమె కేక వెయ్యలేదు. మొదటి వరసలో కూర్చున్న మనిషి భుజం నొక్కి, పెదాల మీద వేలు పెట్టింది. ఆ మనిషి పక్కమనిషి భుజం నొక్కాడు. అది వరసలు దాటి, మెట్లు దిగి, అన్ని డెక్‌లూ తిరిగింది. వాళ్ళు తరతరాలుగా వలలవాళ్ళు. నీళ్ళ మీద ఎప్పుడు మాట్లాడకూడదో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆడవాళ్ళు గాజులు తీసి కొంగుల్లో ముడేసుకున్నారు. కోళ్ళ గంపల మీద తడి దుప్పట్లు కప్పి చీకటి చేశారు. పసిపిల్లలందరికీ తల్లులు పాలు పట్టారు, ఆకలి ఉన్నా లేకపోయినా. దగ్గొచ్చినవాళ్ళు దిండులో మొహం దూర్చారు.

మూడింటికి చేపలు వచ్చాయి. రెండు దూరంగా తిరిగాయి. ఒకటి సరిగ్గా మా కిందికి వచ్చి నిలబడింది. దాని చిన్న మోటారు ఈగలా వినబడుతోంది. పై డెక్ మీద ఎవరిదో స్టీలు గ్లాసు దొర్లడం మొదలైంది. నాకు అది కొండరాయి దొర్లినట్టు వినబడింది. ఒక ముసలాయన కాలు చాచి, అరికాలితో దాన్ని ఆపాడు. కిందున్న ఈగ కాస్త పైకి లేచింది. ఆగింది. నేను పెన్సిల్‌తో రాయడం కూడా ఆపేశాను.

నాలుగు గంటలా పది నిమిషాలు అలాగే ఉన్నాం. ఏడూ పదికి, నా కిందున్నదాని మోటారు సన్నగిల్లి, అది మెల్లగా అడుగుకి దిగిపోయింది. పొద్దుటినుంచి గోస్తని వెనక పూర్తి వేగంతో పరిగెత్తి, దాచుకున్న బలమంతా అక్కడే ఖర్చుచేసుకుంది. మిగతా రెండూ కూడా. మమ్మల్ని వెతకడానికి వాటి దగ్గర ఏమీ మిగల్చలేదు మా ఓడ.

ఇంజను అతి మెల్లగా తిప్పించాను. చీఫ్ చెప్పినట్టే.

రోజు 7

మధ్యాహ్నం తీరపు కాపలా కేంద్రం నుంచి వైర్‌లెస్. ఒక పడవ దొరికింది, అందులో పది మంది, కెప్టెన్ వరహాలరాజు గారితో సహా. ఎర్రయ్య గారు, అసిరినాయుడు లేరు.

కెప్టెన్ దగ్గర్నుంచి నా పేరున ఒక్క మాట వచ్చింది. "చంపావతి?"

"నడుస్తోంది" అని పంపాను. తర్వాత బస్తాల వెనక్కి వెళ్ళి ఏడ్చాను, చప్పుడు కాకుండా, దిండు అడ్డం పెట్టుకుని.

రాత పని ఒకటి ఉంది. ఓడ పోతే కారణం రాసే కాగితం ఉంటుంది, అది ముందుగా వినికిడి మనిషే నింపాలి. గోస్తనిలో నాకు సహాయకుడిగా ఉన్న కుర్రాడు "ఇరుసు లోపం అని రాసెయ్యండి మేడమ్, అదే నిజం కదా" అన్నాడు. కాదు. ఆ ఇరుసు అందరికీ వినబడేలా చెబుతూనే ఉంది. ఇలా రాశాను: "ఓడ గొంతుని వినికిడి అధికారి గుర్తుపట్టలేదు. ఓడలో, సిబ్బందిలో ఏ లోపమూ లేదు." కింద నా పూర్తి పేరు, సంతకం.

రోజు 8

పొద్దున్న పదింటికి రేవు. చంపావతి గోడకి ఆనింది. దిగడానికి బల్లలు వేశారు.

జనం దిగుతున్నారు. ముసలివాళ్ళు, పిల్లలు, గంపలు, మూటలు, రెండు మేకలు. రేవు అధికారి ఒక చేతిలో పేర్ల పట్టీ, ఇంకో చేతిలో మైకు పట్టుకుని అరుస్తున్నాడు. "ఎడమవైపు నడవండి! పేర్లు చెప్పండి! గట్టిగా!"

ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. అతని చెవి దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పి వెళుతున్నారు. బల్ల మీద నడిచేటప్పుడు మడమలు ఎత్తి నడుస్తున్నారు. సిమెంటు గట్టు మీద, పట్టపగలు, ఎండలో, వందల మంది కూర్చుని వేళ్ళతో సైగలు చేసుకుంటున్నారు. ఒక పాప కింద పడి మోకాలు గీరుకుంది. ఏడవబోయి, తల్లి మొహం చూసి, ఆపుకుంది.

"వీళ్ళంతా మూగవాళ్ళా?" అన్నాడు అధికారి. తర్వాత సముద్రం వైపు చూసి, "మీతో వచ్చిన డిస్ట్రాయర్ ఏది?" అన్నాడు.

"రాదు."

అతను పట్టీ దించాడు.

అప్పుడు నాకు అర్థమైంది. మాట్లాడొచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. నిన్నంతా "ఇప్పుడే కాదు, ఇప్పుడే కాదు" అని సైగ చేసింది నేనే. అధికారి చేతిలోని మైకు తీసుకున్నాను. నా గొంతు బొంగురుగా వచ్చింది.

"అయిపోయింది. ఇక్కడ చేపలు రావు. ఇక మాట్లాడండి."

ఎవరూ కదల్లేదు. తౌడమ్మ చుట్ట నోట్లోంచి తీసి నా వైపు చూసింది. నిజమేనా అన్నట్టు. తల ఊపాను.

మోకాలు గీరుకున్న పాప ముందు మొదలెట్టింది, దాచుకున్నదంతా కలిపి ఏడ్చింది. "ఓలమ్మో, నా నల్లకోడి ఏదే!" అని ఒకామె. "నీ కోడి సల్లగుండా, ముందు మీ అత్త ఏదో సూడు!" అని ఇంకొకామె. ఎవరో పేరు పెట్టి పిలిచారు, ఎవరో పలికారు, అవతల గట్టు మీంచి ఎవరో ఎవరినో బూతు తిట్టారు. దుప్పట్లు తీసిన గంపల్లోంచి కోళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. తౌడమ్మ నడుం మీద చేతులేసుకుని అందరికంటే గట్టిగా, ఎందుకో నాకు తెలీదు, ఎవరినో కాదు, సముద్రాన్ని తిడుతోంది.

రేవు అధికారి నా చెవి దగ్గరకొచ్చి ఏదో అడిగాడు. వినబడలేదు. మళ్ళీ అడిగాడు. ఎంతమంది అని.

"రెండు వేల నూట నలభై" అన్నాను. ఆ గోలలో అతనికి వినబడలేదు.

మూడుసార్లు అరవాల్సి వచ్చింది.